నీడ జరిగేలోగా
(దామెర్ల రామారావు స్మారకోపన్యాసం)



రాజమహేంద్రవరంలో నిలబడి దామెర్ల రామారావుగారి గురించి మాట్లాడేటప్పుడు కొత్తగా చెప్పగలిగింది తక్కువే. ఆయన మీ మనిషి. 1897 మార్చి 8న ఈ ఊళ్ళో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలో ఏముందో కనిపెట్టి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, అక్కడే స్థిరపడిపోకుండా తిరిగివచ్చి, ఈ గోదావరి ఒడ్డునే చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్ళు నిండలేదు. భార్య సత్యవాణిగారు, మిత్రులు వరదా వెంకటరత్నంగారు ఆ బొమ్మల్ని గుండెలకు హత్తుకుని కాపాడబట్టి ఇవాళ ఈ ఊరి గ్యాలరీలో వాటి ముందు నిలబడగలుగుతున్నాం. వారిద్దరికీ కూడా ఈ సభలో నమస్కరించడం న్యాయం.

ఇవాళ నేను ఎత్తుకున్న విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ఎండలో నీడ పడుతుంది. ఆ నీడ చుట్టూ పెన్సిలుతో గీత గీస్తాం. గీసేలోగా నీడ జరిగిపోతుంది. ఇంతే విషయం. ఆ జరిగిపోవడాన్ని మనవాళ్ళూ బయటివాళ్ళూ ఏం చేశారు, మన పిల్లలు ఏం చేయవచ్చు అన్నది చెబుతాను. నా వాదన ఒక్కటే: నీడబొమ్మలో మొదలుపెట్టిన చోటు, ముగించిన చోటు కలవవు. ఆ కలవని జాగాలోనే కాలం ఉంటుంది. బొమ్మలో అన్నిటికన్నా విలువైన భాగం అదే.

1. నిలబెట్టాలని చూసిన నీడ

బొమ్మ గీయడం ఎలా పుట్టిందన్న దానికి రోమన్ రచయిత ప్లినీ ఒక కథ చెప్పాడు. కొరింత్ నగరంలో బ్యుటడీస్ అనే కుమ్మరి ఉండేవాడు. అతని కూతురు ప్రేమించిన యువకుడు పరదేశం వెళ్ళబోతున్నాడు. దీపం వెలుగులో అతని ముఖం నీడ గోడ మీద పడితే, ఆ పిల్ల దాని చుట్టూ గీత గీసుకుంది. తండ్రి ఆ గీతలో మట్టి అద్ది, కాల్చి, బొమ్మగా నిలబెట్టాడు.

ఈ కథను చిత్రకళ చరిత్రలో అందరూ చెబుతారు. అందులో దీపం ఉందన్న సంగతిని మాత్రం చాలామంది దాటిపోతారు. దీపం దగ్గర నీడ కదలదు; మనిషి కదలకుండా కూర్చుంటే చాలు. ఆ పిల్లకు తీరుబడి దొరికింది. అదే మిట్టమధ్యాహ్నం ఎండలో గీయబోతే, కనుబొమల దగ్గర మొదలుపెట్టి గడ్డం దాకా వచ్చేసరికి నుదురు గీత దాటి పక్కకు పోయి ఉండేది. వెళ్ళిపోయేవాడిని గోడ మీద ఆపుకోవాలన్నది ఆమె కోరిక. అందుకు కదలని వెలుగే కావాలి.

మన వైపు దీనికి దీటైన కథ దివ్యావదానమనే బౌద్ధ కథల గ్రంథంలో ఉంది. రోరుక నగరపు రాజు రుద్రాయణుడు మగధ రాజు బింబిసారుడికి రత్నాలు పొదిగిన కవచం పంపాడు. దానికి బదులుగా ఏం పంపాలో తోచక బింబిసారుడు బుద్ధుణ్ణి అడిగాడు. తన రూపం గుడ్డ మీద చిత్రించి పంపమన్నాడు తథాగతుడు. చిత్రకారులు కూర్చున్నారు గాని, ఆయనను చూస్తూ చూస్తూ తనివి తీరక, ఏ గుర్తునూ పట్టుకోలేకపోయారు. అప్పుడు బుద్ధుడే ఆ గుడ్డ మీద తన నీడ పడనిచ్చి, అందులో రంగులు నింపమన్నాడు. మహిమ గలవాడు కాబట్టి నీడ నిలిచింది.

నిలిచిన నీడ మన నేల మీద కూడా ఉంది. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. కుందూరు చోడుల నాటి త్రికూటాలయం అది. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభపు నీడ పగలంతా ఒకేచోట ఉంటుంది. బయట పొద్దు తూర్పు నుంచి పడమటికి పోతూనే ఉంటుంది, లోపల నీడ అంగుళం జరగదు. ఎండ నేరుగా లోపలికి చేరదు. స్తంభాల మధ్య సందుల్లోంచి చెదిరిన వెలుగు మాత్రమే వస్తుంది. సూర్యుడు ఎటున్నా ఆ చెదిరిన వెలుగు వచ్చే దారులు మారవు, అందుకే నీడ మారదు. ఆ శిల్పులకు ఇది లెక్క ప్రకారం తెలుసో, కట్టి చూసి తెలుసుకున్నారో గాని, తెలిసి వాడుకున్నారన్నది స్పష్టం. శివుడి దగ్గర కాలం ఆగుతుందని చెప్పడానికి ఇంతకన్నా గట్టి మాట రాతిలో చెప్పలేరు.

ఈ మూడింటిలోనూ కోరిక ఒకటే: కాలాన్ని ఆపడం. ఆ కోరిక మీద నాకు గౌరవం ఉంది. ఎండలో కూర్చుని గీసేవాడు మాత్రం మొదటే దాన్ని వదులుకోవాలి.

2. నీడ వేయని బొమ్మలు

ఇక్కడ ఒక అడ్డుమాట చెప్పి ముందుకు పోతాను. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు చూడండి. అంతమంది మనుషులు, ఎద్దులు, చీరల అంచులు, కొప్పులు. ఒక్కరి నీడా నేల మీద పడదు. అజంతాలోనూ అంతే, రాజస్థానీ, పహాడీ చిన్న చిత్రాల్లోనూ అంతే. ఒంటి గుండ్రదనం చూపే ఛాయ ఉంటుంది గాని, కింద పడే నీడ ఉండదు. అక్కడ వేళను చెప్పేది చంద్రుడు, దీపం, మబ్బు, ముడుచుకున్న తామర. గడియారపు వేళ ఆ చిత్రాలకు అక్కర్లేదు.

రామారావుగారు బొంబాయిలో పాశ్చాత్య పద్ధతిలో వెలుగునీడలు నేర్చుకున్నారు. నీడ వేయడం వచ్చి ఉండీ రేఖకే పెద్దపీట వేశారు. ఏది వేయకూడదో తెలిసి వదిలినవాడి బొమ్మ, తెలియక వదిలినవాడి బొమ్మ ఒకలా ఉండవు. గ్యాలరీకి వెళ్ళినప్పుడు ఆయన గీసిన చేతులు, మెడ వంపులు ఈ దృష్టితో చూడమని పిల్లలకు నా మనవి.

3. నీడను కొలిచినవాళ్ళు

నాకు తెలిసి మనవాళ్ళలో ఎండలో నీడను తొలిగా గీసింది చిత్రకారులు కారు, యజ్ఞవేదికలు కట్టినవాళ్ళు. కాత్యాయన శుల్బసూత్రంలో ఆ పద్ధతి ఉంది. చదునైన నేల మీద శంకువు, అంటే నిటారు కర్ర, పాతాలి. దాని చుట్టూ తాడుతో వృత్తం గీయాలి. పొద్దున నీడ పొడుగ్గా వృత్తం బయట ఉంటుంది. తగ్గుతూ తగ్గుతూ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు. మధ్యాహ్నం దాటాక పెరుగుతూ మళ్ళీ వృత్తాన్ని తాకిన చోట రెండో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమరల గీత. దిక్సూచి అక్కర్లేదు, గడియారం అక్కర్లేదు. ఒక కర్ర, ఒక తాడు, ఒక పూట ఓపిక.

నాకు ఇది ప్రపంచంలోని గొప్ప డ్రాయింగుల్లో ఒకటి. అందులో ఉన్నవి రెండు చుక్కలే. ఆ రెంటి మధ్యా ఒక పూట గడిచింది. గీత దిక్కును చెబుతుంది. ఆ దిక్కు కాలం గడిస్తే గాని పుట్టలేదు.

దీని తరువాతి కథ ఇంకా బాగుంటుంది. పొద్దుటి సూర్యుడూ సాయంత్రపు సూర్యుడూ సరిగ్గా ఒకే మార్గంలో ఉండరని, ఆ కొన్ని గంటల్లోనే సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో రవంత జరుగుతాడని తరువాతి జ్యోతిష్కులు గమనించారు. శ్రీపతి, భాస్కరాచార్యుడు వంటివారు ఆ తేడాకు సవరణ లెక్క కట్టారు. అంటే రెండు చుక్కలూ ఒకే పరిస్థితిలో పడ్డవి కావని వాళ్ళకు తెలుసు. మొదలుకూ ముగింపుకూ కుదరదన్న నా వాదనకు ఇది పాత సాక్ష్యం. వాళ్ళకు ఆ తేడా దిద్దవలసిన దోషం, ఎందుకంటే వాళ్ళకు కావలసింది దిక్కు. బొమ్మ గీసేవాడికి కావలసింది వేరు.

శంకువు ఎత్తును పన్నెండు అంగుళాలుగా తీసుకోవడం మన జ్యోతిషంలో ఆనవాయితీ. ఈ ఊరు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. పగలూ రాత్రీ సమానమైన రోజున ఇక్కడ మధ్యాహ్నపు నీడ మూడున్నర అంగుళాలకు కొంచెం పైన ఉంటుంది. డిసెంబరు చివర పదికి కొద్దిగా పైన. కర్రా నేలా మారకపోయినా నీడ పొడవు దాదాపు మూడింతలవుతుంది. అక్షాంశం తెలుసుకోవడానికి విషువచ్ఛాయ, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజు మధ్యాహ్నపు నీడ, ఒక్కటి చాలు.

నీడ కొస నడిచిన దారంతా చుక్కలు పెడితే వచ్చే బొమ్మ ఇంకా అందమైనది. మార్చి 20, సెప్టెంబరు 22 తేదీల ప్రాంతంలో చుక్కలన్నీ సరళరేఖ మీద పడతాయి. చలికాలంలో ఆ దారి విల్లులా వంగుతుంది, రెండు కొసలూ ఉత్తరానికి. నడివేసవిలో అదే విల్లు తిరగబడి, కొసలు దక్షిణానికి చూస్తాయి. ఏడాదిలో నాలుగైదుసార్లు గీసిన కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, భూమి ఒరిగి తిరుగుతోందన్న పాఠం పుస్తకం లేకుండా కళ్ళకు కడుతుంది.

జైపూరు సామ్రాట్ యంత్రం పేరు చెప్పకుండా ఈ ఘట్టం దాటలేను. సవాయ్ జయసింహుడు 1730ల ప్రాంతంలో కట్టించిన జంతర్ మంతర్‌లో అది 27 మీటర్ల ఎత్తున్న శంకువు. దాని నీడ సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అక్కడ నిలబడితే నీడ నడవడం కంటికి కనిపిస్తుంది. ఇంట్లో తెలియని సంగతి అక్కడ ఒంటికి తెలుస్తుంది, కొందరికి కళ్ళు తిరిగినట్టు కూడా ఉంటుంది.

4. అంచు వెడల్పు రెండు నిమిషాలు

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతికి వస్తున్నాను. దయచేసి దీన్ని శ్రద్ధగా వినండి.

నీడ అంచు గీత కాదు. సూర్యుడు చుక్క కాదు కాబట్టి. మన కంటికి ఆయన వెడల్పు దాదాపు అర డిగ్రీ. అందుచేత వస్తువు నీడకు చుట్టూ ఒక మసక అంచు ఉంటుంది; అక్కడ నిలబడ్డ చీమకు సూర్యుడిలో కొంత భాగమే కనిపిస్తుంది. పెన్సిలును కాగితానికి ఆనించి పెట్టండి, నీడ కత్తితో కోసినట్టుంటుంది. మూడు మీటర్ల ఎత్తున్న కొమ్మ నీడ చూడండి, అంచు మసక మూడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి ఎండచుక్కలు ఒక్కొక్కటీ సూర్యబింబమే. 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. జపాల్ రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. భయంతో తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్ళు, గ్రహణం పట్టే వేళ చెట్ల కింద ఎండచుక్కలన్నీ నెలవంకలుగా మారడం చూడలేకపోయారు.

ఇప్పుడు ఒక్క లెక్క. ఆకాశం గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. అర డిగ్రీ తిరగడానికి రెండు నిమిషాలు. సూర్యుడు తన వెడల్పంత దూరం జరగడానికి పట్టే సమయం అదే. కాబట్టి నీడ అంచులోని మసక, అది ఎంత వెడల్పున్నా, సుమారు రెండు నిమిషాల ప్రయాణమంత. గడపలో మిల్లీమీటరైనా, సామ్రాట్ యంత్రం మీద పన్నెండు సెంటీమీటర్లైనా, కొలతగా వేరు, కాలంగా ఒకటే.

అంటే ఏ నీడ అంచు మీదైనా మీరు గీత గీస్తున్నారంటే, ఆ రెండు నిమిషాల్లో ఒక క్షణాన్ని మీరు ఎంచుకుంటున్నారు. ఎక్కడ గీయాలన్నది మీ నిర్ణయం. నీడ మీకు ఆ గీతను ఇవ్వలేదు. నీడ చుట్టూ గీయడం నకలు తీయడమని తీసిపారేసే డ్రాయింగు మేష్టార్లకు నా జవాబు ఇదే.

5. సూర్యుడి చేతికే ఇచ్చినవాళ్ళు

చెయ్యి నిదానం, నీడ త్వరితం. అలాంటప్పుడు గీసే పని సూర్యుడికే అప్పగిస్తే? పందొమ్మిదో శతాబ్దం ఈ పని చేసింది. ఫ్రాన్సులో నియెప్స్ 1826లోనో 1827లోనో తన కిటికీ బయటి దృశ్యాన్ని తారు పూసిన లోహపు పలక మీద నిలబెట్టాడు. దానికి కనీసం ఎనిమిది గంటలు పట్టింది, రోజులు పట్టి ఉండవచ్చనీ అంటారు. అందువల్ల ఆ చిత్రంలో ఎడమ గోడ మీదా కుడి గోడ మీదా ఎండ ఉంటుంది. ఉదయం, సాయంత్రం ఒకే బొమ్మలో. ఫోటో అంటే క్షణం అనుకుంటాం. మనకు మిగిలిన మొట్టమొదటి కెమెరా ఫోటోలో ఉన్నది పగలంతా. ఆ పలక టెక్సస్ విశ్వవిద్యాలయంలో, ఆస్టిన్ నగరంలో ఉంది. మీ పిల్లలు ఆ వైపు ఉంటే చూసి రమ్మనండి.

కళాకారులు ఆ దారిన ఇంకా ముందుకు పోయారు. అమెరికాలో చార్లెస్ రాస్ 1971-72లో ఏడాదిపాటు పెద్ద భూతద్దం కింద రోజుకొక చెక్కపలక ఉంచాడు. సూర్యుడు ప్రతిరోజూ ఒక గీత కాల్చాడు. మబ్బు పట్టిన రోజున గీత తెగింది. ఆ గీతల వంపులన్నీ వరసగా కలిపితే రెండు సుడులు ఒకదానితో ఒకటి ముడిపడ్డ ఆకారం వచ్చింది. అది ఎవరూ ఊహించి గీసింది కాదు. ఇంగ్లండులో రోజర్ యాక్లింగ్, 2014లో చనిపోయే దాకా, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కముక్కల మీద చిన్న భూతద్దంతో చుక్క తరువాత చుక్క కాల్చి గీతలు పెట్టాడు. రాస్ పలకల ముందు ఆశ్చర్యం కలుగుతుంది. యాక్లింగ్ చెక్కల దగ్గర నాకు ఆప్యాయత కలుగుతుంది, ఎందుకంటే అక్కడ చెయ్యి కూడా ఉంది, ప్రతి చుక్క దగ్గరా ఆగి కాచుకున్న చెయ్యి.

ఈ పనిని కళ అనుకోకుండా చేసిన యంత్రం ఒకటుంది. వాతావరణ కేంద్రాల్లో గాజు గోళం చూసి ఉంటారు. క్యాంప్‌బెల్, స్టోక్స్ అనే ఇద్దరి పేరు మీద నడిచే ఎండ నమోదు పరికరం. గోళం వెనక అట్టముక్క ఉంటుంది. ఎండ కాసినంతసేపు గోళం దాన్ని కాలుస్తూ పోతుంది, మబ్బు వస్తే గీత ఆగుతుంది. వేసవికీ చలికాలానికీ వంపు అట్టలు వేరువేరు, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల ప్రాంతంలో తిన్నటి అట్ట. శంకువు నీడలో చూసిన విల్లులూ సరళరేఖా ఇక్కడ మళ్ళీ కనిపించాయి చూడండి. అలాంటి పాత అట్టలు ఎక్కడ మూలబడి ఉన్నా పారేయవద్దని అధికారులను వేడుకుంటున్నాను. ఒక్కో అట్టా ఒక ఊరి ఒక రోజు స్వహస్తం.

సూర్యుడి చేతికి ఇవ్వడంలో ఒక ప్రమాదం ఉంది. గీసిన వెలుగే చెరుపుతుంది కూడా. నీటిరంగుల బొమ్మలకు మ్యూజియంలలో 50 లక్స్‌కు మించి వెలుగు తగలనివ్వకూడదంటారు, అంటే దాదాపు సంజెవెలుగు. రామారావుగారి నీటిరంగులకు కూడా ఆ కట్టడి అవసరమే. గ్యాలరీలో వెలుగు చాలడం లేదని విసుక్కునేవాళ్ళు ఈ కారణం తెలిస్తే విసుక్కోరు.

6. చేతితోనే

చివరిగా పని. పిల్లలూ, ఇది మీ కోసం.

వరండాలో ఎండ పడేచోట పెద్ద కాగితం పరచండి. పక్కన కుండీలో మందారమో నందివర్ధనమో ఉంచండి, కొమ్మ నీడ కాగితం మీద పడేలా. ఒక ఆకు అంచున మొదలుపెట్టి తొందరపడకుండా చుట్టూ గీయండి. అర మీటరు ఎత్తున్న ఆకు నీడ మధ్యాహ్నం వేళ నిమిషానికి రెండు మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. కొమ్మంతా తిరిగి మొదటి ఆకు దగ్గరికి వచ్చేసరికి మీ గీత దాన్ని కలుసుకోదు, వేళ్ళ వెడల్పున ఖాళీ మిగులుతుంది. రబ్బరు తీయకండి. ఆ ఖాళీ మీరు ఎంతసేపు గీశారో చెబుతోంది. వేగంగా గీసేవాడిది చిన్న ఖాళీ, నిదానంగా చూసి గీసేవాడిది పెద్ద ఖాళీ. మబ్బు వచ్చి నీడ పోతే ఆగండి. తిరిగి వచ్చినప్పుడు అది ఎక్కడుంటే అక్కడి నుంచే గీయండి. ఆషాఢ మాసంలో గీసిన బొమ్మలు ఇలా ముక్కలు ముక్కలుగానే ఉంటాయి, ఉండాలి.

ఫోనులో టైమ్‌ల్యాప్స్ పెడితే ఇదంతా అర నిమిషంలో వస్తుంది కదా అని ఎవరో అనుకుంటున్నారు, ముఖాల్లో కనిపిస్తోంది. వస్తుంది, అదీ చూడండి. కాని అందులో నీడ మళ్ళీ జరిగిపోతుంది, ఒకదాన్ని చూస్తుంటే ఒకటి మాయమవుతుంది. కాగితం మీద పది గంటలూ పదిన్నరా పదకొండూ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. కన్ను వాటి మధ్య తనకు ఇష్టమైన వరసలో తిరగవచ్చు. పైగా ఫోను కాస్తున్నప్పుడు మీరు అక్కడ ఉండనక్కర్లేదు. గీస్తున్నప్పుడు ఉండి తీరాలి. మెడ కాలుతుంది, మోకాళ్ళు పట్టేస్తాయి, అదీ బొమ్మలోకి వస్తుంది.

ప్రతి కాగితం వెనకా ఊరు, తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ రాయండి. గడియారం పన్నెండు కొట్టినప్పుడు నీడ అతి పొట్టిగా లేదని కంగారుపడకండి. మన దేశపు సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడకు కాస్త తూర్పున పోతుంది. ఈ ఊళ్ళో అసలైన మధ్యాహ్నం సగటున మూడు నిమిషాలు ఆలస్యం, హైదరాబాదులో పదహారు. అదిగాక ఫిబ్రవరిలో సూర్యుడు గడియారం కన్నా 14 నిమిషాల దాకా వెనకబడతాడు, నవంబరు మొదట్లో 16 నిమిషాల దాకా ముందుంటాడు. తప్పు మీ నీడది కాదు.

ఏడాది పొడుగునా ఒకే కర్రతో ఒకే కాగితం మీద నీడ కొసలు గుర్తు పెట్టదలచుకున్నవారికి ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని కర్రను కాగితం దక్షిణపు అంచున నిలబెట్టేస్తారు. ఇక్కడ మే 8వ తేదీ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కర్రకు నీడే ఉండదు. అక్కడి నుంచి ఆగస్టు 5వ తేదీ ప్రాంతం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. పన్నెండు అంగుళాల కర్రకు జూన్ చివర్లో అది ఒకటిన్నర అంగుళాలు కూడా ఉండదు గాని, పొద్దుట, సాయంత్రం కొసలు ఇంకా దూరం దక్షిణానికి పోతాయి. కాబట్టి కర్ర కింద, దక్షిణం వైపు, ఒక జానెడు కాగితం వదలండి.